ఫ్లారెన్సు నైటింగేలు

యుద్ధమునందు తుపాకులకు కొఱత కలిగినచో ప్రభుత్వమువారు కర్మాగారములకు ఉత్తరువులు పంపి, కొన్ని నెలలలో ఆ లోటు తీర్చుకొనగలరు. 1854 వ సంవత్సరమున ఆంగ్లప్రభుత్వమునకు కలిగిన కొఱత అట్టిది కాదు. క్రిమియా యుద్ధమున గాయపడినవారును, రోగగ్రస్తులైనవారును వేలకొలది సైనికులు టర్కీదేశపు వైద్యశాలలలో పడియుండిరి. వారి గాయములకు కట్లు మార్చువారు గాని, దాహమైనపుడు నీరందించువారు గాని తగినంతమంది లేకపోయిరి. మిత్రపక్షమైన ఫ్రెంచి సైన్యమునకు వారి మతసంఘములలోని సన్న్యాసినులు శుశ్రూష చేయుచుండిరి. ఆంగ్లేయులకు అట్టివారు ఏల లేరని లండను నగరమునందలి టైమ్సు పత్రికలో ప్రశ్న బయలుదేరెను. దేశమున స్త్రీలకు కొదువ లేదు. దయగలవారికిని కొదువ లేదు. రోగికి సేవచేయు విద్య నేర్చినవారు మాత్రమే లేరు. ఈ లోటునకు కారణమేమో అంతకు పదేండ్ల ముందునుండియే ఆలోచించుచున్న స్త్రీ యొకతె ఆ దేశమున నుండెను.

ఆమె ఫ్లారెన్సు నైటింగేలు. 1820 వ సంవత్సరము మే నెల 12 వ తేదీన ఇటలీదేశమునందలి ఫ్లారెన్సు నగరమున జన్మించుటచే తల్లిదండ్రులు ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. తండ్రి విలియం నైటింగేలు గొప్ప భూస్వామి. డెర్బీషైరులో ఒక భవనము, హాంప్‌షైరులో మఱియొక భవనము ఆ కుటుంబమున కుండెను. తండ్రి విద్యాప్రియుడు. కుమార్తెలిద్దఱికిని గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును తానే బోధించెను. ఫ్లారెన్సునకు గణితముపై మక్కువ యెక్కువ. విందులు, వినోదములు, పిమ్మట తగిన సంబంధము చూచి వివాహము, ఇదియే ఆ యింటి కన్యలకు పెద్దలు నిర్ణయించిన మార్గము. పదునాఱేండ్ల ప్రాయమున, అనగా 1837 లో, భగవంతుడు తన్ను సేవకై పిలిచినట్లు ఆమెకు తోచెను. ఆ సేవ యేదియో తెలియుటకు మఱికొన్ని సంవత్సరములు పట్టెను. 1845 లో ఆమె సాల్స్‌బరీ వైద్యశాలలో చేరి రోగిపరిచర్య నేర్చుకొందునని ఇంటివారిని వేడుకొనెను. తల్లి దిగులుపడెను, అక్క కన్నీరు కార్చెను, తండ్రి విముఖుడయ్యెను. ప్రయత్నము విఫలమయ్యెను.

ఇంటివారిని కేవలము కఠినచిత్తులనుట న్యాయము కాదు. ఆనాడు ధనవంతులు ఇంటనే వైద్యము చేయించుకొనెడివారు. వైద్యశాల దిక్కులేని పేదల పాలిటిది. అందలి పరిచారికలు పెక్కుచోట్ల రోగుల వార్డులను ఆనుకొనియున్న ఇఱుకు గదులలో పండుకొని, అక్కడనే వండుకొని తినెడివారు. లండను వైద్యశాలలలో వారమునకు 7 మొదలు 10 షిల్లింగుల వఱకు జీతము లభించెడిది. ఆ జీతమునకు, ఆ బ్రతుకునకు మఱియే పనియు దొరకనివారే వచ్చిరి. వారికి నేర్పువారు లేరు. దుర్గంధమును, అలసటను మఱచుటకు పలువురు మద్యమున కలవాటుపడిరి. ప్రసిద్ధ నవలాకారుడు చార్లెసు డికెన్సు సేరీ గాంపు అను తాగుబోతు పరిచారికను తన నవలలో చిత్రింపగా దేశమెల్ల నవ్వెను. నవ్వినవారిలో ఎందఱు ఆమె జీతమును గూర్చి ఆలోచించిరో! పనికి గౌరవము లేనందున మర్యాదగల స్త్రీలు రారైరి. వారు రానందున పనికి గౌరవము కలుగదయ్యెను. ఎద్దు గానుగ చుట్టు తిరిగినట్లు వ్యవహారము అక్కడక్కడనే తిరుగుచుండెను.

ఫ్లారెన్సు పట్టు విడువలేదు. వేకువకు ముందే లేచి, దీపపు వెలుగున వైద్యశాలల నివేదికలను రహస్యముగా చదివి వ్రాసికొనుచుండెను. తాను మెచ్చిన వరుడే వివాహము కోరగా, తన ఆశయమునకు అది అడ్డగునని 1849 లో కాదనెను. జర్మనీలోని కైజరువెర్తు గ్రామమున ఫ్లీడ్నరను క్రైస్తవ మతాచార్యుడు నడపుచున్న సేవాసంస్థలో 1851 వ సంవత్సరమున మూడు నెలలు పనిచేసి నేర్చుకొనెను. తుదకు తండ్రి మనసు కరగి, ఆమె ఖర్చులకై యేటికి 500 పౌనులు ఏర్పాటు చేసెను. 1853 లో లండనులోని హార్లీవీథియందు రోగులైన స్త్రీలకొఱకు ఏర్పడిన యొక చిన్న వైద్యశాలకు ఆమె అధికారిణి యయ్యెను. అప్పటి కామెకు 33 ఏండ్లు.

మఱుసటి యేడే టర్కీనుండి దుర్వార్తలు వచ్చెను. యుద్ధకార్యదర్శియైన సిడ్నీ హెర్బర్టు ఆమెకు స్నేహితుడు. పరిచారికలను తీసికొని వెళ్లుమని ఆయన కోరెను. ఆమెయు వెళ్లుటకు సిద్ధపడియే యుండెను. కాని వెంట వచ్చువారెవరు? వారమునకు 12 మొదలు 14 షిల్లింగుల జీతము, భోజనము, వసతి, దుస్తులు ఇత్తుమనిరి. నడవడి మంచిదైనచో జీతము పెరుగునని చెప్పిరి. అయినను తగినవారు దొరకుట దుర్లభమయ్యెను. వచ్చినవారిలో పలువురు జీతమున కాశపడియే వచ్చితిమని దాపరికము లేక చెప్పిరి. ఎట్టకేలకు 38 మంది సమకూడిరి. వారిలో 14 మంది వైద్యశాలలలో పనిచేసినవారు. తక్కిన 24 మంది వివిధ మతసంఘములకు చెందినవారు. అంత గొప్ప దేశము తన సైన్యమునకై ఏర్చికూర్చుకొన్న పరిచారికల సంఖ్య అది!

1854 నవంబరు 4 వ తేదీన వారు కాన్‌స్టాంటినోపులునకు ఎదుటి తీరముననున్న స్కుటారి చేరిరి. సైనికవైద్యులు వారిని ఆదరింపలేదు. స్త్రీల జోక్యము తమకు అవమానమని తలంచిరి. వైద్యులు పిలిచినగాని ఎవ్వరును రోగిని తాకరాదని ఫ్లారెన్సు తనవారిని కట్టడి చేసి, కట్టుగుడ్డలు కుట్టించుచు కాలము గడపెను. తమ కన్నులయెదుట రోగులు బాధపడుచుండగా ఊరకుండుట ఆ స్త్రీలకు సులభమై యుండదు. నవంబరు 5 వ తేదీన జరిగిన ఇంకర్మాను యుద్ధమునుండి క్షతగాత్రులు ఓడలకొలది వచ్చి పడగా వైద్యులే ఆమెను పిలిచిరి. ఆమె వంటయిండ్లు నెలకొల్పెను. ఇల్లు అద్దెకు తీసికొని కాగులు పెట్టించి, సైనికుల భార్యలచే బట్టలు ఉతికించెను. చందాసొమ్ముతో చొక్కాలు, పళ్లెములు, తుడుపుగుడ్డలు కొనెను. రాత్రివేళ దీపము చేతబట్టి నాలుగు మైళ్ల పొడవున పఱచియున్న పడకల నడుమ తిరుగుచుండెను. పటములలో ఆమె చేత కనబడు చిన్న ప్రమిదవంటి దీపము చిత్రకారుల కల్పన. ఆమె వాడినది ఆ దేశపు మడతల లాంతరు.

ఇంతలో లండనునుండి ఆమె యనుమతి లేకయే నలువదిమందికి పైగా స్త్రీలు మఱియొక బృందముగా వచ్చిరి. కొఱత తీరినదని ఆమె సంతోషింపవలసినది. కాని మిగుల కోపించెను. వారిలో పలువురు పని యెఱుగరు. ఆజ్ఞకు లోబడి నడచుట అసలే యెఱుగరు. చేతులు పెరిగినంత మాత్రమున పని పెరుగదని ఆమె కప్పుడు అనుభవమునకు వచ్చెను.

మఱియొక చేదునిజము తరువాత తెలిసెను. ఎంత సేవచేసినను ఆ చలికాలమున మరణములు తగ్గకపోగా పెరిగెను. 1855 ఫిబ్రవరినాటికి అక్కడ నూటికి 42 మంది వంతున రోగులు చనిపోవుచుండిరి. వైద్యశాల క్రింద మురుగుకాలువలు పూడియుండెను. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు ఆ కాలువలను శుభ్రము చేయించి, నీటిని, గాలిని బాగుపఱచిరి. జూను నాటికి మరణములు నూటికి ఇంచుమించు రెండునకు దిగెను. 1856 లో ఆడంబరములేమియు లేకుండ మాఱుపేరుతో స్వదేశము చేరిన పిమ్మట, విలియం ఫార్ అను గణాంకశాస్త్రజ్ఞుని తోడ్పాటున ఆమె లెక్కలు కూర్చి చూచెను. సైనికులలో ఎక్కువమంది గాయములచే గాక, తన కన్నుల యెదుటనున్న మురికిచేతనే మరణించిరని గ్రహించెను. దేశమంతయు తన్ను దేవతవలె కొనియాడుచున్న దినములలో ఆమె ఈ లెక్కలను దాచక ప్రకటింపబూనెను. రంగుల పటములుగా గీయించి మంత్రులకు చూపెను. 1858 లో లండను గణాంకసంఘము ఒక స్త్రీని సభ్యురాలిగా మొదటిసారి ఎన్నుకొనెను. ఆ స్త్రీ ఫ్లారెన్సు.

ఆమె గౌరవార్థము ప్రజలు చందాలు వేసికొని 44,000 పౌనులకు పైగా నిధి కూర్చిరి. సైనికులు ఒక దినపు జీతము చొప్పున ఇచ్చిరి. ఆ సొమ్ముతో 1860 వ సంవత్సరమున సెయింటు థామసు వైద్యశాలలో పరిచారికల పాఠశాల వెలసెను. పరిచారికలకు శిక్షణ యెందుకు, ఇంటి పనికత్తెకు తెలిసినంత తెలిసిన చాలునని ఆ వైద్యశాలలోని పెద్ద శస్త్రవైద్యుడే ఆక్షేపించెను. మొదట చేరినవారు 15 మంది మాత్రమే. ఒక యేడు శిక్షణ. విద్యార్థినికి భోజనము, దుస్తులు ఉచితము. చేతిఖర్చునకు సంవత్సరమునకు 10 పౌనులు. ప్రతి యొక్కరికిని వేఱుగా గది ఇచ్చిరి. ఈ గది చిన్నవిషయముగా తోచవచ్చును. కూతురు ఎక్కడ పండుకొనునో, ఎవరి కాపుదలలో నుండునో తెలిసినగాని ఏ తల్లి పంపును? గానుగను ఆమె ఆపినది అక్కడనే.

కాని శిక్షితులు వేలకొలది కావలసియుండగా ఏటికి పదులసంఖ్యలో తయారగుచుండిరి. 1865 లో లివర్పూలునందలి పేదల ఆసుపత్రికి ఆగ్నెసు జోన్సు అను యువతి నాయకత్వమున 12 మందిని పంపిరి. అక్కడ రోగులు వేయిమందికి పైగా నుండిరి. అంతవఱకు వారికి సేవ చేయుచున్నవారు ఆ పేదలశాలలోని దిక్కులేని స్త్రీలే. ఆగ్నెసు రేయింబవళ్లు శ్రమించి మూడేండ్లలో ఆ ఆసుపత్రిని మార్చివేసెను. 1868 లో విషజ్వరము తగిలి 35 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆమె స్థానమున నిలుపదగిన మఱియొకరిని వెదకుట ఫ్లారెన్సునకు మిగుల కష్టమయ్యెను. ఆ యేడే లూసీ ఆస్‌బర్ను అను నామె ఐదుగురిని వెంటగొని ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు వెళ్లెను. అడుగువారు పెరిగినకొలది తొందరయు పెరిగెను, శిక్షణ పలుచబడెను. 1872 ప్రాంతమున ఫ్లారెన్సు ఈ లోపము గుర్తించి, మంచమునుండి కదలలేని స్థితిలోనే విద్యార్థినులను ఒక్కొక్కరినే పిలిపించి మాటలాడి, పాఠశాలను చక్కదిద్దసాగెను.

భారతదేశమును ఆమె చూడలేదు. కాని నలువదేండ్లు ఈ దేశమునుగూర్చి వ్రాయుచునే యుండెను. గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటను దొరతో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరములు సాగెను. ఇచ్చటి వైద్యశాలలలో పరిచారికల యేర్పాటునకై 1865 లో ఆమె ఒక పథకము వ్రాసి పంపగా, ఖర్చు అధికమని ప్రభుత్వము దానిని ప్రక్కకు పెట్టెను. 1871 లో చెన్నపట్టణపు ప్రభుత్వ వైద్యశాలలో శిక్షణ ఆరంభమయ్యెను. నాటి తెలుగుజిల్లాలు పెక్కు ఆ రాజధానిలోనివే. 1888 లో సైనికవైద్యశాలలకై శిక్షితలైన పరిచారికల చిన్న బృందమొకటి ఇంగ్లండునుండి బొంబాయి రేవున దిగెను.

ఆమె పొరపాట్లును లేకపోలేదు. పరీక్షించి పట్టికలో పేరు నమోదు చేసినచో పరిచారికల వృత్తికి గట్టిదనము కలుగునని 1887 నుండి కొందఱు ఉద్యమింపగా, సద్గుణమును పరీక్షలు కొలువజాలవని ఆమె తీవ్రముగా ఎదిరించెను. ఆ చట్టము ఇంగ్లండున 1919 లో గాని రాలేదు. ఆమె పూరింపబూనిన లోటును నేటికి పూర్తిగా తీరలేదు. ప్రపంచమున 59 లక్షల మంది పరిచారికలు కొఱవడియున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 లో లెక్కకట్టెను. ఈ కొఱతలో నూటికి 89 వంతులు పేద దేశములలోనే యున్నట్లు ఆ సంస్థ తెలిపెను. అది ఆమె పుట్టిన రెండువందల యేడు.

తుదిదశలో ఆమెకు చూపు పోయెను. 1907 లో రాజు ఆర్డరు ఆఫ్ మెరిట్ అను బిరుదము ఇచ్చెను. అది పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13 వ తేదీన, తొంబదియేండ్ల ప్రాయమున, లండనులో కన్నుమూసెను. మహాపురుషులను సమాధిచేయు వెస్టుమినిస్టరు దేవాలయమున ఆమెకు చోటిత్తుమని ప్రభుత్వమువారు చెప్పగా, ఆమె కోరిక అది కాదని బంధువులు అంగీకరింపరైరి. ఆఱుగురు సైనికులు పేటికను మోసిరి. హాంప్‌షైరులో తల్లిదండ్రుల సమాధిచెంతనే ఆమెను పాతిపెట్టిరి. అక్కడి రాతిపై ఆమె పేరు లేదు, ఎఫ్. ఎన్. అను పొడి అక్షరములును, పుట్టిన, గిట్టిన కాలములును మాత్రము చెక్కబడియున్నవి.