సత్యజిత్ రే తొలి చిత్రము

ధనము, తగిన పరికరములు, అనుభవజ్ఞులగు సహాయులు చేకూరిన పిమ్మటనే గొప్ప కార్యమునకు బూనుకొనవలెనని పలువురు తలంతురు. అట్లు తలంచువారు తఱచుగా నే కార్యమును ఆరంభింపకయే కాలము గడుపుదురు. ఇవి యేవియు లేకయే పని మొదలుపెట్టి, పనిలోనే పని నేర్చుకొని, లోకము మెప్పు బడసినవారిలో వంగదేశీయుడగు సత్యజిత్ రే యొకడు. ఆయన తొలి చలనచిత్రమగు “పథేర్ పాంచాలి” రూపొందిన వృత్తాంతము విద్యార్థులు తెలిసికొనదగినది.

సత్యజిత్ రే 1921వ సంవత్సరము మే 2వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తాత ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి రచయిత, చిత్రకారుడు, అచ్చుపనియందు నిపుణుడు. 1913లో పిల్లల కొఱకు “సందేశ్” అను పత్రికను స్థాపించినవాడు ఆయనయే. తండ్రి సుకుమార్ రాయ్ హాస్యగేయములకు ప్రసిద్ధుడు. 1923లో తండ్రి మరణించునప్పటికి బాలునికి మూడేండ్లయినను నిండలేదు. కొలది కాలమునకు అచ్చుకూటము చేజారిపోయెను. తల్లి సుప్రభాదేవి తోడబుట్టినవాని యింట తలదాచుకొని, స్త్రీలకు కుట్టుపని నేర్పుచు కుమారుని బెంచి పెద్దవానిం జేసెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రము చదివి పట్టము పొందిన పిమ్మట, తల్లి కోరిక మేరకు 1940లో శాంతినికేతనము చేరి, నందలాల్ బోస్ మొదలగు గురువుల యొద్ద చిత్రలేఖన మభ్యసించెను. చదువు పూర్తికాకుండగనే 1942లో కలకత్తాకు దిరిగివచ్చి, మఱుసటి యేడు ఒక ఆంగ్ల ప్రకటనల కంపెనీలో నెలకు 80 రూపాయల జీతముపై బొమ్మలు గీయు నుద్యోగమున బ్రవేశించెను. పుస్తకములకు ముఖచిత్రములు గూడ వేయుచుండెను. ఆ పనిలోనే విభూతిభూషణ్ బందోపాధ్యాయుని “పథేర్ పాంచాలి” నవలకు బాలుర కొఱకు గూర్చిన సంగ్రహ ప్రతి ఆయన చేతికి వచ్చెను. దానికి బొమ్మలు గీయుచుండగా, ఈ కథ చలనచిత్రమునకు దగియున్నదని ఆయనకు దోచెను.

ఆ కాలమున సినిమా నేర్పు పాఠశాలలు మన దేశమున మిక్కిలి అరుదు. అందుచే రే తనకు దానే గురువయ్యెను. చీకటి హాలులో గూర్చుండి, చూచుచున్న చిత్రమును గుఱించి కాగితముపై గుర్తులు వ్రాసికొనెడివాడు. ఏదైన నవల చిత్రముగా రానున్నదని తెలిసిన, ముందుగా దానే దానిని దృశ్యములుగా విభజించి వ్రాసికొని, చిత్రము విడుదలయైన పిమ్మట రెండింటిని పోల్చి చూచుకొనెడివాడు. 1947లో మిత్రులతో గూడి కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించెను. 1949లో ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా “ది రివర్” అను చిత్రమునకు దగిన స్థలములను వెదకుచు కలకత్తాకు రాగా, సెలవు దినములలో ఆయన వెంట బల్లెలు దిరిగెను. 1950లో కంపెనీవారు లండనుకు బంపినప్పుడు, కొలది నెలలలోనే నూఱు చిత్రముల వఱకు చూచెను. వానిలో “బైసికిల్ థీవ్స్” అను ఇటలీ దేశపు చిత్రము ఆయన సందేహములను దీర్చెను. వీధులలో, సహజమైన వెలుతురులో, నటనయందు వాడుక లేని సామాన్యులతో గొప్ప చిత్రము తీయవచ్చునని దానివలన గ్రహించెను. తిరుగు ప్రయాణమున ఓడలోనే తన చిత్రమునకు రూపము గల్పింప నారంభించెను.

కాని ధనమిచ్చువా రెవరు? రే తన చిత్రమును వరుస బొమ్మలుగా గీసిన పుస్తకమును చేతబట్టుకొని నిర్మాతల గడపలు ద్రొక్కెను. పాటలు లేని పల్లెటూరి కథపై సొమ్ము పెట్టుటకు వారు జంకిరి. తుదకు జీవితబీమా పత్రముపై అప్పు తెచ్చి, 1952వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన బర్దవాన్ సమీపమునగల పాల్సిట్ వద్ద పని ప్రారంభించెను. ఛాయాగ్రాహకుడగు సుబ్రత మిత్ర యిరువదియేండ్లు దాటిన యువకుడు. అంతకుముందు చలనచిత్రపు కెమెరా బట్టి యెఱుగడు. ఉద్యోగము మానలేదు గనుక సెలవు దినములలోనే చిత్రీకరణము.

అక్కాతమ్ములు రెల్లుపూల నడుమ నడచి రైలుబండిని జూచుట తొలి దృశ్యము. అపు పాత్రధారియగు బాలుడు కొయ్యబొమ్మవలె నడచుచుండెను. రే ఆలోచించి, దారిలో చిన్న చిన్న పుల్లలు పఱపించి, సహాయులను రెల్లులో దాచి, పలు దిక్కులనుండి బాలుని బేరు పెట్టి పిలువుమనెను. పుల్లలు దాటుచు, పిలుపు విన్నవైపు దిరిగి చూచుచు, వాడు అక్కను వెదకు తమ్మునివలె సహజముగా నడచెను. దర్శకత్వ మన నేమో రేకు దెలిపిన తొలి పాఠములలో ఇది యొకటి. తరువాతి యాదివారము మరల వచ్చి చూడగా, పసులు రెల్లుపూల నన్నిటిని మేసివేసినవి! ఆ దృశ్యము పూర్తికి మరల రెల్లు పూయు కాలము వఱకు వేచియుండవలసివచ్చెను.

ఒక నిర్మాత కొంత ధనమిచ్చెను గాని, అతని యితర చిత్రములు నష్టపడగా అదియు నాగిపోయెను. రే తన పుస్తకములను, గ్రామఫోను రికార్డులను అమ్మెను. భార్య విజయాదేవి నగలు కుదువకు బోయెను. అయినను పని సంవత్సరము వఱకు నిలిచిపోయెను. ఈ నడుమ పిల్లలు ఎదిగిపోయినచో నేమి గతి? ముదుసలి పాత్రధారిణి చునీబాలాదేవికి ఎనుబదియేండ్ల వయస్సు. ఆమెకు గీడు మూడినచో నేమి గతి? ఈ చింత రేను రాత్రింబగళ్లు వేధించెను. మిఠాయి లమ్మువాని వేషము ధరించినవాడు నడుమ మరణింపగా, అట్టి యాకారమే గల వేఱొకని వెనుకనుండి చూపి పని నెఱవేర్చిరి.

తుదకు తల్లి పరిచయస్థుల మూలమున సంగతి పశ్చిమ వంగ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ చెవి సోకెను. ప్రభుత్వము ధనసహాయ మొనర్చెను. పేరులో “పథము” ఉండుటచే ఆ సొమ్ము బాటల బాగుసేత పద్దు క్రింద వ్రాయబడెనని ప్రసిద్ధి. అవసర మంత యున్నను రే తన కథను ఒరుల యిష్టము కొఱకు మార్చలేదు. రవిశంకర్ ఒక్క దినముననే, పదునొకండు గంటలలో సంగీతమును సమకూర్చెను. కడపటి దినములలో నిద్రాహారములు మాని కూర్పు ముగించి, ప్రతిని న్యూయార్కునకు బంపిరి. 1955 మే నెలలో అచ్చటి ఆధునిక కళా ప్రదర్శనశాలలో మొదటి ప్రదర్శనము జరిగెను. ఆగస్టు 26వ తేదీన కలకత్తాలో విడుదల కాగా, మొదట పలుచగా వచ్చిన జనము పిమ్మట క్రిక్కిఱిసి వచ్చిరి. పాపము, చునీబాలాదేవి ఆ విడుదల చూడకయే కన్నుమూసెను. 1956లో కాన్ చలనచిత్రోత్సవమున ఉత్తమ మానవీయ పత్రమని బహుమాన మొసగిరి.

పిమ్మట రే ఉద్యోగము విడిచి ముప్పదికి పైగా చిత్రములు దీసెను. కీర్తి వచ్చినను నేర్చుకొనుట మానలేదు. 1961 నుండి తన చిత్రములకు దానే సంగీతము గూర్చెను. అదే యేట, నిలిచిపోయిన “సందేశ్” పత్రికను మరల వెలువరించి, పిల్లల కొఱకు కథలు వ్రాసి, బొమ్మలు గీసెను. 1992లో భారతరత్న బిరుదమును, అమెరికావారి ఆస్కార్ గౌరవమును బొంది, ఆ యేడు ఏప్రిల్ 23వ తేదీన పరమపదించెను.

ఆ తొలి చిత్రములో తప్పులు లేకపోలేదు. పని నడచుచుండగా నేర్చుకొనిన నేర్పు చిత్రపు ఉత్తరభాగమున స్పష్టముగా గానవచ్చునని రసజ్ఞు లందురు. చేతనున్న కొలది సాధనములతో మొదలిడుట, ఆగిన పనిని విడువకుండుట, అవసరము కొఱకు నమ్మినదానిని అమ్ముకొనకుండుట — ఈ మూడును ఏ వృత్తి నవలంబింపబోవు విద్యార్థికైనను అనుసరణీయములు.