గంట కొట్టే బొమ్మ... దాన్ని మనకిచ్చిన మనిషి



మన గోదావరిఖని, రామగుండం ఇళ్ళల్లో గడియారం చూసేది షిఫ్టు కోసం, స్కూల్ బస్సు కోసం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం గడియారాన్ని చూడటానికే జనం గుమిగూడతారు. గంట గంటకూ గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి వెళ్తుంది. కమ్మరి బొమ్మ సెకనుకో సుత్తి దెబ్బ వేస్తుంటుంది. మీరూ చూసే ఉంటారు. ఆ సేకరణ వెనకున్న మనిషి గురించి మీ పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా?

ఆయన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరగకముందే తండ్రి చనిపోయారు. తాత, తండ్రి ఇద్దరూ నిజాం దివాన్లు. 1912లో, 23 ఏళ్ళకే, ఆయనకూ ఆ పదవి దక్కింది. 1914లో దాన్ని వదిలేశారు. పెళ్ళి చేసుకోలేదు. మిగిలిన 35 ఏళ్ళూ పుస్తకాలు, చిత్రాలు, శిల్పాలు, గడియారాలు సేకరించడంలోనే గడిపారు.

కదిలే బొమ్మల గడియారాలపై మోజు అంతకుముందే ఉంది. 18వ శతాబ్దంలో లండన్‌కు చెందిన జేమ్స్ కాక్స్ వంటివారు చైనా కోసమే ఇలాంటివి చేయించి కాంటన్ రేవుకు పంపేవారు. చక్రవర్తి చియెన్‌లుంగ్ సేకరించినవి బీజింగ్ రాజభవనంలో నేటికీ ఉన్నాయి. మన మ్యూజియం గడియారం ఆ తర్వాతది, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది. కానీ అదీ ఆ కోవదే.

1949 మార్చి 2న సాలార్‌జంగ్ చనిపోయారు. వారసులుగా పిల్లలు లేరు. వస్తువులన్నీ తలోదిక్కు పోయే ప్రమాదం ఏర్పడింది. అలా జరగలేదు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. తర్వాత బంధువులు సేకరణను ప్రభుత్వానికి ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. ఒక ఇంటి సొత్తు అందరి సొత్తయింది.

ఈసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళండి. శుక్రవారం సెలవు, గమనించండి. బొమ్మ బయటికొచ్చే లోపు ఒక్క ప్రశ్న అడగండి: టైమైందని దానికెలా తెలుస్తుంది? జవాబు మీరే చెప్పేయకండి. వాళ్ళను కాసేపు ఆలోచించనివ్వండి.