ఎల్విన్ చదివిన నూరు హత్యలు

1964 ఫిబ్రవరి 22న ఈ ఢిల్లీ నగరంలో కన్నుమూసిన వెరియర్ ఎల్విన్‌ను గిరిజనుల పాటలు, గాథలు సేకరించిన పండితుడుగా ఎరిగినవారే ఎక్కువ. ఆయన హత్యకేసులను పరిశోధించిన సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. 2024 జూలై 1న భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చినప్పటినుండి నాకు గుర్తుకు వస్తున్నది ఆ రెండవ ఎల్విన్.

1902లో ఇంగ్లండులోని డోవర్‌లో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, 1927లో క్రైస్తవ సేవాసంఘ సభ్యుడుగా ఆయన పూనా వచ్చాడు. గాంధీజీ ప్రభావానికి లోనైనాడు. 1932లో మైకల్ కొండలలో గోండుల మధ్య స్థిరపడ్డాడు. వారిని మతం మార్చడానికి ఇష్టపడక, చివరకు చర్చినే విడిచిపెట్టాడు.

1940 ప్రాంతంలో ఆయన దృష్టి బస్తర్ సంస్థానంపైకి మళ్లింది. అడవిదున్న కొమ్ములు శిరస్సున ధరించి నాట్యమాడే మారియాలది దక్షిణ బస్తర్. పొరుగున ఉన్న మురియాలలో హత్యలు తక్కువ; వీరిలో ఎక్కువ. ఎందువల్ల? ఎల్విన్ నూరు కేసుల రికార్డులు పరిశీలించాడు. అంతటితో తృప్తి చెందక గ్రామాలకు, జైలుకు వెళ్లాడు. ఆ కృషి ఫలితమే 1943లో వెలువడిన 'మారియా మర్డర్ అండ్ సూసైడ్'.

ప్రాణం తీయడమన్నది చట్టం దృష్టిలో ఒకే నేరం కాదు. 1860 నాటి శిక్షాస్మృతి దానిని మెట్లుగా విభజించింది. హత్యకు 302వ సెక్షన్ కింద మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష. హత్య స్థాయికి చేరని శిక్షార్హమైన నరహత్య 304వ సెక్షన్ కిందికి వస్తుంది. చంపే ఉద్దేశం లేక, చావు సంభవించవచ్చునన్న ఎరుక మాత్రమే ఉంటే, అందులో గరిష్ఠ శిక్ష పదేళ్లు. అంటే ఉరికంబానికీ పదేళ్ల ఖైదుకూ మధ్యనున్న దూరాన్ని నిర్ణయించేది ముద్దాయి మనస్సు.

ఆ మనస్సును చదివేదెవరు? ఎల్విన్ చూసిన కేసులలో తాగిన మైకంలో కొట్లాటలున్నాయి, ఇంటి తగవులున్నాయి, అలసటవల్ల రేగిన కోపాలున్నాయి, చేతబడి చేశారన్న అనుమానాలున్నాయి. ఆకస్మిక తీవ్ర ప్రకోపాన్ని చట్టం మినహాయింపుగా గుర్తించింది. తన బిడ్డను మంత్రగాడు చంపాడని గాఢంగా నమ్మినవాడి భయం మాత్రం ఆ మినహాయింపులలో లేదు. హత్యను క్షమించాలని ఎల్విన్ వాదించలేదు. నేరస్థుని లోకాన్ని తెలుసుకోకుండా అతని ఉద్దేశాన్ని తూచడం అన్యాయమని ఆయన పరిశోధన నిరూపించింది.

1954లో ఆయన భారత పౌరుడైనాడు. ఈశాన్య సరిహద్దు ప్రాంత పాలనకు గిరిజన వ్యవహారాల సలహాదారుగా నెహ్రూ విశ్వాసాన్ని చూరగొన్నాడు. 1961లో పద్మభూషణ్ అందుకొన్నాడు.

ఆయన మరణించిన తర్వాతనే మన న్యాయవ్యవస్థ ఆ దారికి వచ్చింది. శిక్ష విధించే ముందు దోషి చెప్పుకొనేది వినాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నిర్దేశించింది. నేరాన్నే కాక నేరస్థుని పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవాలని, అత్యంత అరుదైన కేసులలోనే ఉరి వేయాలని 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కొత్త సంహితలో 302 కాస్తా 103 అయింది, 304 కాస్తా 105 అయింది. మెట్లు మాత్రం దాదాపు అవే. చేతబడి అనుమానంతో మనుషులను వేధించడాన్ని అరికట్టడానికి ఛత్తీస్‌గఢ్ 2005లో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చిందంటే ఆ భయం ఇంకా చావలేదన్నమాటే. గోండి భాష ఇప్పటికీ ఎనిమిదవ షెడ్యూలుకు ఎక్కలేదు. మన భద్రాచలానికి ఆవల, కోంటా అడవుల నుండి కోర్టు బోనెక్కే మనిషి తన మనస్సును అన్యభాషలో, దుబాసీ నోట, న్యాయాధిపతికి విప్పి చెప్పుకోవలసి ఉంటుంది. సెక్షన్ల అంకెలు మార్చడం పార్లమెంటుకు సాధ్యమే. ఆ మనస్సును చదవగల ఎల్విన్‌లను బస్తర్ న్యాయస్థానాలకు సమకూర్చడం ఏ సంహితవల్లనూ జరిగేది కాదు. అది పాలకుల సంకల్పం మీద, వారిని అడగవలసిన మన మీద ఆధారపడి ఉన్నది.