వేళ కాని వేళ వండిన అన్నం

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్కూళ్లలో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా అదే పేరుతో భోజనం పెడుతున్నారు. మా క్లాసులో నలుగురైదుగురిని అడిగా, ఈవిడ ఎవరో తెలుసా అని. కోనసీమ నుంచి వచ్చిన ఒక్క అమ్మాయికి తప్ప ఎవరికీ తెలీదు. సీతమ్మ గారు రాణి కాదు, రచయిత్రి కాదు, ఏ ఉద్యమానికీ నాయకురాలు కాదు. ఆవిడ జీవితమంతా చేసింది ఒక్కటే పని, ఇంటికి వచ్చినవాళ్లకి వండి పెట్టడం. ఆ పనికి ఇన్నేళ్ల తర్వాత కూడా పేరు నిలిచి ఉందంటే దాని గురించి ఈ సంచికలో రాయాలనిపించింది.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. ఆయన కూడా అడిగినవాళ్లకి కాదనకుండా అన్నం పెట్టేవారట. అందుకే ఊళ్లో ఆయన్ని బువ్వన్న అని పిలిచేవారని చెబుతారు. నాకు ఈ పేరు భలే నచ్చింది. ఒక మనిషికి బువ్వ అనే మాట ముద్దుపేరు అయిందంటే ఆ ఇంట్లో పొయ్యి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆవిడ పుట్టిన కాలం కూడా కొంచెం చూడాలి. అంతకు ఎనిమిది, తొమ్మిదేళ్ల ముందు గుంటూరు ప్రాంతాన్ని నందన కరువు ఊడ్చేసింది. దాన్నే డొక్కల కరువు అని కూడా అంటారు. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడే, 1847లో, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు. 1852కి అది పూర్తయింది. కాలువలు తవ్వారు, డెల్టాలో వరి బాగా పండటం మొదలైంది. అంటే ఆకలి అంటే ఏంటో పెద్దవాళ్లకి ఇంకా గుర్తున్న రోజులు, గాదెలు నిండటం అప్పుడప్పుడే మొదలైన రోజులు అన్నమాట.

సీతమ్మ గారి భర్త డొక్కా జోగన్న గారు. లంకల గన్నవరంలో వ్యవసాయం ఉన్న పండితుడు. ఒకసారి ఆయన ప్రయాణంలో మండపేటలో వాళ్లింటికి భోజనానికి వచ్చారని, అక్కడ చిన్నపిల్లయిన సీతమ్మ అతిథుల్ని చూసుకున్న తీరు చూసి సంబంధం అడిగారని చెబుతారు. అలా ఆవిడ గన్నవరం వచ్చారు.

ఇక్కడ మ్యాప్ ఓపెన్ చేసి చూడండి, కథ సగం అక్కడే అర్థమవుతుంది. ఊరి పేరులోనే లంక ఉంది. పక్కనే గోదావరి పాయ వైనతేయ. కోనసీమలో ఒక ఊరు నుంచి ఇంకో ఊరు వెళ్లాలంటే ఏదో ఒక పాయ దాటాలి, దాటాలంటే రేవులో పడవ కోసం ఆగాలి. పడవ ఆలస్యమైతే, గాలి ఎక్కువైతే, చీకటి పడితే ఇక ఆ ఒడ్డునే. హోటళ్లు లేవు. మూటలో కట్టుకొచ్చిన అన్నం దారిలోనే అయిపోయి ఉంటుంది. అలా ఆగిపోయినవాళ్లకి దగ్గర్లో ఉన్న ఇల్లు జోగన్న గారిది. మొదట ఒకరిద్దరు వచ్చుంటారు. తర్వాత ఆ మాట పాకిపోయింది. గన్నవరం చేరితే చాలు, ఏ వేళైనా అన్నం దొరుకుతుందని లెక్క వేసుకుని బయలుదేరేవాళ్లు.

ఏ వేళైనా అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మన హాస్టల్ మెస్‌లో రాత్రి తొమ్మిదింటికి గిన్నెలు కడిగేస్తారు. అది తప్పని నేను అనను, వాళ్లకీ నిద్ర కావాలి. కానీ సీతమ్మ గారి ఇంట్లో టైమింగ్స్ లేవు. ఎంతమంది వస్తారో తెలీదు. మన భాషలో చెప్పాలంటే లోడ్ ఎంతో తెలియకుండా ఇరవై నాలుగ్గంటలు నడిచే సర్వర్. అయితే ఇక్కడ సర్వర్ ఒక మనిషి.

గ్యాస్ స్టవ్ లేదు, కుక్కర్ లేదు. ధాన్యం దంచాలి, చెరగాలి, రాళ్లు ఏరాలి. నీళ్లు మోసుకురావాలి. వానాకాలంలో తడిసిన కట్టెలు పొగ తప్ప మంట ఇవ్వవు, ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడతాయి. పెద్ద గుండిగ దించి గంజి వార్చడం ఎంత పనో పెళ్లిళ్లలో వంటవాళ్లని చూస్తే తెలుస్తుంది. అర్ధరాత్రి పదిమంది వస్తే మళ్లీ మొదట్నుంచి. ఇది ఒకరోజు కాదు, కొన్ని దశాబ్దాలు. ఆవిడని అందరూ అపర అన్నపూర్ణ అంటారు. గౌరవంగానే అంటారు, తెలుసు. కానీ నాకు ఆ బిరుదుతో చిన్న పేచీ ఉంది. దేవత అనేసరికి ఆ పొగ, ఆ నడుంనొప్పి, ఆ కాలిన వేళ్లు కనబడకుండా పోతాయి. అన్నపూర్ణ చేతిలో గరిటె ఎప్పటికీ నిండుగా ఉంటుంది. సీతమ్మ గారి గరిటె నిండాలంటే ఎవరో ఒకరు పొయ్యి ముందు కూర్చోవాలి.

ఇంత పెడుతూ పోతే ఆస్తి ఎలా నిలిచింది అనే ప్రశ్న అప్పటి జనానికీ వచ్చినట్టుంది. జోగన్న గారికి పొలంలో బంగారు నాణేల బిందె దొరికిందని ఒక కథ ఉంది. ఉంటే ఉండొచ్చు. నేనైతే ఆనకట్ట నీళ్లనీ, ఆయన సేద్యాన్నీ, ఖర్చు చూసి భార్యని ఆపకపోవడాన్నీ లెక్కలో వేస్తా. ఆ చివరిది బిందె కన్నా అరుదు.

వరద కథ ఒకటి కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గోదావరి పొంగి, అప్పట్లో అంటరానివాడని దూరం పెట్టిన కులానికి చెందిన ఒకతను లంకలో చిక్కుకుపోయాడు. ఆకలితో కేకలు పెడుతున్నాడు. వరదలో పడవ వేయడానికి ఎవరూ సాహసించలేదు. సీతమ్మ గారూ భర్తా అన్నం పట్టుకుని పడవలో వెళ్లి అతనికి పెట్టారట. పంతొమ్మిదో శతాబ్దపు వైదిక కుటుంబం అది. మడి, ఆచారం ఎంత గట్టిగా ఉండేవో మన తాతమ్మల కాలం సంగతులు విన్నా తెలుస్తుంది. ఏరు దాటడం కన్నా అది దాటడమే కష్టం అనుకుంటా.

మరి ఇదంతా త్యాగమేనా? నాకలా అనిపించదు. పోయిన సంక్రాంతికి మా ఇంట్లో పెద్దమ్మ పిల్లలూ పిన్ని పిల్లలూ కలిసి పద్దెనిమిది మంది చేరాం. పులిహోర నేను కలుపుతా అని పట్టుబట్టా. పోపు వేగుతుంటే ఒక్కొక్కడూ వంటింట్లోకి తొంగి చూడటం, బేసిన్ అడుగు కనబడేదాకా వడ్డించడం, చివర్లో నాకు రెండు పిడికిళ్లే మిగిలినా కడుపు నిండినట్టు ఉండటం, ఇవన్నీ ఆరోజే తెలిశాయి. ఒక్క పూటకే అంత బాగుంటే, ఆవిడకి ఎలా ఉండేదో! ముక్కూ మొహం తెలియని మనిషి మజ్జిగన్నం దాకా వచ్చి తేలిగ్గా ఊపిరి వదిలితే చూడటం ఆవిడకి ఇష్టమనే నా నమ్మకం. ఇష్టం లేకపోతే అన్నేళ్లు ఎవరివల్లా కాదు.

దీనికి అంతర్వేది ప్రయాణమే నాకు సాక్ష్యం. లక్ష్మీనరసింహస్వామిని చూడాలని ఆవిడకి ఎన్నాళ్లుగానో కోరిక. ఎప్పుడూ ఇల్లు కదలలేక, చివరికి ఒకసారి బయలుదేరారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు పక్కన ఇంకో బృందం మాటలు చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలికి తాళలేకపోతున్నారు. పెద్దవాళ్లు ఇంకాస్త ఓర్చుకోమంటున్నారు, గన్నవరం వచ్చేస్తోందని, సీతమ్మ గారింట్లో తినొచ్చని. ఆవిడ తానెవరో చెప్పలేదు. స్వామి దర్శనం వదిలేసి వెనక్కి తిరిగారు, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు.

ఆవిడ పేరు ఢిల్లీ దాకా, అక్కణ్నుంచి లండన్ దాకా వెళ్లింది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం వేడుకలకి రమ్మని ఆవిడకి ఆహ్వానం వచ్చిందని, వెళ్లలేదని అందరూ చెప్పేదే. ఢిల్లీ దర్బారు జరిగింది 1903 జనవరిలో. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. రానంటే కనీసం ఫొటో అయినా కావాలన్నారట. దానికీ ఒప్పుకోలేదు. ఫొటో లేకుండా వెళ్తే తన ఉద్యోగానికి ముప్పని వచ్చిన అధికారి బతిమాలితే అప్పుడు సరేనన్నారని చెబుతారు. ఒకరి కూటికి ఇబ్బంది రాకూడదని కూర్చున్నారు కెమెరా ముందు.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ గారు కన్నుమూశారు.

గన్నవరం దగ్గర వైనతేయ మీద 1850ల్లో కట్టిన పాత అక్విడెక్ట్ ఉంది. కింద నది, పైన కాలువ. సివిల్ వాళ్లు తప్పకుండా చూడాల్సిన కట్టడం. తర్వాత దాని పక్కన కట్టిన కొత్త అక్విడెక్ట్‌కి డొక్కా సీతమ్మ పేరే పెట్టారు. అవతలి లంక పొలాలకి నీళ్లు దాని మీదుగానే వెళ్తాయి, బస్సులు కూడా.