కలియుగ భీముడు

సబ్బవరము మొదలగు గ్రామములనుండి విశాఖపట్టణము చూడబోయిన బాలబాలికలు, సముద్రతీర మార్గమున నడచునప్పుడు, అచ్చట నిలిపిన విగ్రహములలో ఒక మహాబలుని విగ్రహమును చూతురు. అది కోడి రామమూర్తి నాయుడుగారి విగ్రహము. ఏనుగును రొమ్ముపై నడిపించుకొనిన వీరుడాయనయేయని పెద్దలు పిల్లలకు చెప్పుదురు. కాని ఆ వీరుడు చిన్ననాట ఊపిరాడక బాధపడిన దుర్బలుడని ఎరిగినవారు తక్కువ. అట్టి బాలుడు తనకు తగిన సాధనను ఎట్లు ఎన్నుకొనెనో, ఎన్నుకొనినదానిని ఎట్లు నిలుపుకొనెనో తెలిసికొనుట నేటి పిల్లలకును మేలు చేయును.

రామమూర్తి 1880వ దశకపు తొలి సంవత్సరములలో వీరఘట్టమున జన్మించెను. ఆ గ్రామము నాడు మద్రాసు రాజధానిలో నుండెను. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. తల్లి పసితనముననే గతించెను. తన బాల్యమును గూర్చి ఆయన పిమ్మట చెప్పికొనిన వృత్తాంతమునుబట్టి చూడగా, అయిదేండ్ల ప్రాయముననే ఆ బాలుని ఉబ్బసము పట్టుకొనెను. నాలుగడుగులు పరుగెత్తిన రొప్పు వచ్చెడిది. తోడిపిల్లలు ఆడుకొనుచుండగా తాను దూరముగా కూర్చుండవలసి వచ్చెడిది. అట్టి దినములలో భీముని కథ, ఆంజనేయుని కథ, లక్ష్మణుని కథ విని అతడు మురిసిపోయెను. వారివలె తానేల బలవంతుడు కాకూడదను కోరిక అతని మనసున నాటుకొనెను.

కొంత పెరిగిన పిమ్మట అతడు మిక్కిలి అల్లరివాడయ్యెననియు, ఊరివారి ఫిర్యాదులతో తండ్రి విసిగిపోయెననియు చెప్పుదురు. దుర్బలుడైన బిడ్డను చూచి తండ్రి పడు చింత ఒకటి. పొగరుబోతైన బిడ్డను చూచి పడు చింత మరియొకటి. వెంకన్న నాయుడు రెండు చింతలును పడవలసి వచ్చెను. తుదకాయన కొడుకును విజయనగరమునకు పంపెను. అచ్చట పినతండ్రి నారాయణస్వామి పోలీసు శాఖలో ఉద్యోగియై యుండెను. ఆయన బాలుని చదువుతోపాటు వ్యాయామమునకును దారి చూపెను. తిట్టి అణచుటకంటె, ఆ ఉడుకు నెత్తురునకు తగిన పని కల్పించుట మేలని ఆయన ఎరిగియుండవలెను.

ఆ కాలమున విజయనగరమున బాలుని ముందు రెండు దారులుండెను. పాఠశాలలో పాశ్చాత్యుల ఆటలును, ఇనుప గుండ్లతో చేయు కసరత్తులును ప్రవేశించియుండెను. శాండో అను ఐరోపా బలశాలి కీర్తి దేశదేశముల వ్యాపించియుండెను. ఇక రెండవ దారి మన తాలింఖానాలది. అచ్చట దండీలు, బస్కీలు తీయుదురు. గోదాలో కుస్తీ పట్టుదురు. కర్రసాము, కత్తిసాము నేర్తురు. రామమూర్తి మొదట పాశ్చాత్య పద్ధతినే పట్టెను. కాని దానివలన తనకు తగిన లాభము కనబడలేదు. అంతట దానిని విడిచి దేశీయ పద్ధతికి మరలెను. కొత్తదానిని నిందించి విడువలేదు, పాతదానిని గ్రుడ్డిగా నమ్మి పట్టలేదు. చేసి చూచి, తన దేహము చెప్పిన తీర్పును మన్నించెను.

అతడు ప్రధానముగా గైకొనినది మల్లవిద్య. దానికి విలువైన పరికరములు అక్కరలేదు. మెత్తగా త్రవ్విన మన్నును, సరిజోడైన సాటివాడును ఉన్న చాలును. కర్రసాము శత్రువును దూరమున నిలుపు విద్య; చేత కర్ర లేనినాడు దానిలో సగము పనికిరాదు. మల్లవిద్యయన్ననో చేయి పట్టినవానినుండి చేయి విడిపించుకొనుట, త్రోయబడినపుడు కాలు నిలద్రొక్కుకొనుట, పడినపుడు దెబ్బ తగులకుండ పడుట, పడి మరల లేచుట నేర్పును. సాటివాడు నిజముగా ప్రతిఘటించును గనుక అభ్యాసమున భ్రమకు తావుండదు. ఊపిరి నిలుపుకొనలేనివాడు అచ్చట నిలువజాలడు గనుక ఉబ్బసపు బాలునికి అది కఠినమైన పరీక్షయే. ఆ పరీక్షకు అతడు కొంచెము కొంచెముగా సిద్ధపడెను.

అతడు వేకువనే లేచి కొన్ని మైళ్ళు పరుగెత్తి పోలీసువారి గోదాకు పోయెడివాడట. అచ్చట పెద్దవారితో కుస్తీ పట్టి, మరల పరుగెత్తి పాఠశాలకు వచ్చెడివాడట. పిమ్మట ఈతయు, సాయంకాలము కసరత్తును ఉండెడివి. ఏండ్లు గడచినకొలది దండీల, బస్కీల లెక్క వేలకు చేరెనని ప్రసిద్ధి. పదునారేండ్ల ప్రాయమునకు అతడు భుజముతో కొబ్బరిచెట్టును ఢీకొనగా కాయలు రాలెడివని చెప్పుదురు. ఇవి ఒక్కనాట వచ్చినవి కావు. రొప్పుచు నాలుగడుగులు వేసిన బాలుడు, మరునాడు అయిదవ అడుగు వేయుటచే వచ్చినవి.

గోదా బలమునే కాదు, బలమునకు కళ్ళెమును కూడ ఇచ్చును. మల్లుడు దిగునపుడు మన్నుకు మ్రొక్కును, గురువునకు మ్రొక్కును. ఎదిరి వీపు నేలకానినంతనే పోటీ ముగియును. ఓడినవానిని కొట్టుట ఆ విద్యలో లేదు. ఊరిలో అల్లరి చేసి పేరు చెడిన బాలునికి ఈ కట్టుబాటు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఇట్టి శిక్షణ నొందిన రామమూర్తి, మద్రాసు దగ్గరి సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణము పొంది, తిరిగి వచ్చి తాను చదివిన విజయనగర పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. ఒకనాడు పెద్దలకు తలనొప్పియైన బాలుడే పిల్లలకు క్రమశిక్షణ నేర్పు గురువయ్యెను.

పిమ్మట నాయుడుగారు పొట్టిపంతులను మిత్రుని తోడ్పాటుతో సర్కసు సంస్థను స్థాపించి దేశమంతట సంచరించిరి. రొమ్ముకు ఇనుపగొలుసు చుట్టించుకొని, గాలి పూరించి, దానిని తెగగొట్టెడివారు. రెండు మోటారుకార్లను ఇరువైపుల కట్టించుకొని కదలకుండ నిలిపెడివారు. పడుకొని, రొమ్ముపై పలక వేయించుకొని, దానిపై ఏనుగును నడిపించుకొనెడివారు. వీటన్నిటికి మూలము ప్రాణాయామము. ఊపిరి నిండినపుడు రొమ్ము విస్తరించి గట్టిపడును. పలక భారమును పలుచోట్లకు పంచును. అయినను ఏండ్ల సాధన లేనివాడు దీనిని అనుకరించుట ప్రాణాపాయము. ఒకనాడు ఆయనను ఏడిపించిన ఊపిరియే ఆయనకు ఆయుధమైనది.

అది 1905వ సంవత్సరపు వంగవిభజన పిమ్మట స్వదేశీ భావము ఉప్పొంగుచున్న కాలము. భారతీయులు దుర్బలులను అపవాదు వినివిని విసిగిన జనులకు నాయుడుగారి ప్రదర్శనములు వినోదము మాత్రమే కాలేదు, ధైర్యమును కూడ ఇచ్చినవి. వైస్రాయి మింటో ప్రభువు కారును కదలనీయకుండ నిలిపిరని ప్రసిద్ధి. మదనమోహన మాలవీయ పండితుడు ఆయనను మిక్కిలి ప్రోత్సహించెను. ఆయన ఇంగ్లండు వెళ్ళి అయిదవ జార్జి చక్రవర్తి మెప్పు పొంది ‘ఇండియన్ హెర్క్యులిస్’ అనిపించుకొనిరి. స్వదేశమున జనులు ‘కలియుగ భీముడు’ అని పిలిచిరి. ఆయన శాకాహారి. మాంసము లేనిదే బలము రాదనువారికి ఆయన దేహమే సమాధానము.

అంతటి దేహమునకును తుదిదశలో ఆపద వచ్చెను. కాలికి పుట్టిన వ్రణము ముదిరి, కాలు తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు వద్దని, ప్రాణాయామము చేసి ఆ బాధను సహించిరని చెప్పుదురు. కార్లను నిలిపిన కాలు పోయెను, మనసు నిలిచెను. ఒరిస్సా ప్రాంతమున బలంగీరు-పాట్నా రాజుగారి ఆదరమున కడపటి దినములు గడపి, 1942 జనవరిలో ఆయన పరమపదించిరి. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు ఆయన పేరు పెట్టబడినది.

నేడు బాలబాలికలకు కుస్తీ, కర్రసాములే కాక కరాటే, జూడో మొదలగు విద్యలును అందుబాటులో నున్నవి. ఆత్మరక్షణకు ఏది నేర్వవలెనని సందేహించు పిల్లలకును, తల్లిదండ్రులకును ఈ చరిత్రలో సమాధానమున్నది. వినికిడిని నమ్మక, కొన్నిదినములు చేసి చూచి, తన దేహమునకు సరిపడు విద్యను ఎన్నుకొనవలెను. మాటలతో సరిపెట్టక సరిజోడుతో అభ్యాసము చేయించు గురువును, దెబ్బలు తగులకుండ కాచు గురువును, కోపమును అణచుట నేర్పు గురువును వెదకవలెను. ఎన్నుకొనినదానిని నిత్యము సాధింపవలెను. కీడు ఎదురైనచో తొలగిపోవుట, కేక వేసి పదుగురిని పిలుచుట పిరికితనము కాదు. అదియే ఆత్మరక్షణలో మొదటి పాఠము. తప్పించుకొను దారి లేనపుడు మాత్రమే చేయి లేవవలెను. చేతిలో బలమున్నవానికే ఆ ఓర్పు సులభముగా నుండును. భయపడువాడు తొందరపడి కొట్టును. బలవంతుడు కొట్టవలసిన అవసరము తరచుగా రాదు. ఊపిరి కొరకు తపించిన వీరఘట్టపు బాలుడు మనకు మిగిల్చిన ఆస్తి ఇదియే.