పడ్ గాల్విన్

జేమ్స్ ఫ్రాన్సిస్ గాల్విన్ (డిసెంబర్ 25, 1856 - మార్చి 7, 1902) 19వ శతాబ్దానికి చెందిన ప్రముఖ అమెరికన్ బేస్‌బాల్ క్రీడాకారుడు. ఇతడు పడ్ గాల్విన్ అనే పేరుతో ప్రసిద్ధి చెందాడు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 300 విజయాలు సాధించిన మొట్టమొదటి పిచర్ ఇతడే. 1889లో జంతువుల వృషణాల నుండి తీసిన ద్రవాన్ని ప్రయోగాత్మకంగా స్వీకరించినందువలన, శక్తిని పెంచే పదార్థాన్ని వాడినట్లు తెలిసిన తొలి బేస్‌బాల్ ఆటగాడిగా కూడా ఇతనిని పేర్కొంటారు.

బాల్యం

గాల్విన్ మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో, ఐర్లాండు నుండి వలస వచ్చిన కుటుంబంలో జన్మించాడు. పేద ఐరిష్ కుటుంబాలు నివసించే కెర్రీ ప్యాచ్ అనే పేటలో పెరిగాడు. 1875లో, 18 ఏళ్ళ వయసులో, సెయింట్ లూయిస్ జట్టు తరఫున వృత్తి క్రీడాకారునిగా ఆట ప్రారంభించాడు.

క్రీడా జీవితం

బేస్‌బాల్‌లో పిచర్ స్థానం క్రికెట్‌లో బౌలర్ స్థానం వంటిది. ఆ కాలంలో ఒకరిద్దరు పిచర్లే జట్టు భారమంతా మోసేవారు. 1878లో బఫెలో బైసన్స్ జట్టులో చేరిన గాల్విన్ 1883, 1884 సంవత్సరాలలో ఏడాదికి 46 చొప్పున విజయాలు సాధించాడు. 1883లో ఇతడు 656 ఇన్నింగ్స్‌లలో బంతి విసిరాడు. నేటి పిచర్లలో ఏడాదికి 200 ఇన్నింగ్స్ దాటేవారే అరుదు. ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 1880లోను, 1884లోను రెండు ఆటలు ముగించాడు.

పొట్టిగా, బలిష్ఠంగా ఉండే గాల్విన్‌ను అభిమానులు చిన్న ఆవిరి యంత్రమని పిలిచేవారు. ఇతని బంతుల ముందు బ్యాటర్లు పుడ్డింగులా మెత్తబడిపోతారన్న చమత్కారం నుండి పడ్ అనే పేరు వచ్చిందంటారు. 1885లో పిట్స్‌బర్గ్ జట్టుకు మారి, 1888లో 300వ విజయాన్ని అందుకున్నాడు. 1892లో మేజర్ లీగ్ నుండి విరమించాడు. 1875 నాటి ఆటలతో కలిపి ఇతనికి 365 విజయాలు, 310 పరాజయాలు ఉన్నాయి. మొత్తం 6,003 ఇన్నింగ్స్‌తో ఈ విషయంలో సై యంగ్ తరువాత రెండవ స్థానంలో నిలిచాడు.

1889 నాటి ప్రయోగం

మారిషస్‌లో జన్మించిన శరీరధర్మ శాస్త్రవేత్త షార్ల్ ఎడ్వార్డ్ బ్రౌన్ సెకార్డ్ 1889 జూన్ 1న పారిస్‌లోని ఒక శాస్త్రజ్ఞుల సభలో సంచలన ప్రకటన చేశాడు. కుక్కల, గినీ పిగ్‌ల వృషణాల నుండి తీసిన ద్రవాన్ని ఇంజెక్షనుగా తీసుకోగా, 72 ఏళ్ళ వయసులో తనకు బలం, పనిచేసే శక్తి తిరిగి వచ్చాయని అతడు తెలిపాడు. ఈ వార్త అమెరికాకు వేగంగా పాకింది.

అదే సంవత్సరం ఆగస్టులో పిట్స్‌బర్గ్‌లోని ఒక వైద్య కళాశాలలో ఈ ద్రవాన్ని పరీక్షించినపుడు గాల్విన్ అందులో పాల్గొన్నాడు. అప్పటికి అతనికి 32 ఏళ్ళు. ఆగస్టు 13న బోస్టన్ జట్టుపై 9-0 తేడాతో విజయం సాధించాడు. బ్యాటింగులో బలహీనుడని పేరున్న గాల్విన్ ఆనాడు బ్యాటుతోనూ రాణించాడు. ఈ విజయం ఆ మందు విలువకు నిదర్శనమని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ప్రశంసించింది. మోసమని ఎవరూ ఆరోపించలేదు, దానిని నిషేధించే నియమమూ అప్పట్లో లేదు.

శాస్త్రీయ పరిశీలన

వృషణాలలో తయారయ్యే టెస్టోస్టిరాన్ అనే హార్మోనును 1935లో గాని వేరుచేయలేకపోయారు. ఇది నీటిలో సులభంగా కరగదు. పైగా వృషణాలు దానిని నిలువ ఉంచుకోక, తయారైనది తయారైనట్లే రక్తంలోకి వదులుతాయి. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రౌన్ సెకార్డ్ పద్ధతిలో ద్రవాన్ని తయారుచేసి పరీక్షించారు. అందులోని టెస్టోస్టిరాన్ శరీరంపై ప్రభావం చూపలేనంత స్వల్పమని, నాటి ఫలితాలకు నమ్మకమే కారణమై ఉండవచ్చునని వారు తేల్చారు.

చివరి రోజులు

విరమణ తరువాత గాల్విన్ కొంతకాలం అంపైరుగా పనిచేశాడు. మద్యశాల నడిపి నష్టపోయాడు. పెద్ద కుటుంబాన్ని పోషించలేక పేదరికంలో చిక్కుకుని, 45 ఏళ్ళ వయసులో పిట్స్‌బర్గ్‌లో మరణించాడు. 1965లో అతనికి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.

తరువాతి కాలపు వివాదాలు

డోపింగ్ ఆరోపణలు బేస్‌బాల్‌ను కుదిపివేసిన 2000వ దశకంలో గాల్విన్ పేరు మళ్ళీ చర్చకు వచ్చింది. 2007 డిసెంబర్‌లో వెలువడిన మిచెల్ నివేదిక 89 మంది ఆటగాళ్ళ పేర్లను ప్రస్తావించింది. అందులో పేర్కొన్న బ్యారీ బాండ్స్, రోజర్ క్లెమెన్స్ ఆరోపణలను అంగీకరించలేదు. అయినప్పటికీ 2022లో పత్రికా రచయితల ఓటింగులో వారు హాల్ ఆఫ్ ఫేమ్‌కు చివరి అవకాశాన్ని కోల్పోయారు. గాల్విన్ మాత్రం బహిరంగంగా, నియమాలకు లోబడి, పనిచేయని మందును వాడాడు. అతని విజయాలలో అత్యధిక భాగం ఆ ప్రయోగానికి ముందే సాధించినవి. అందువలన తొలి డోపింగ్ ఆటగాడన్న ముద్ర అతనికి సరిపోదన్న అభిప్రాయం ఉంది.