ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్

కణేకల్ చుట్టుపక్కల ఆర్డీటీ పేరు తెలియని ఊరు లేదు. ఇక్కడి ఆర్డీటీ ఆసుపత్రికి వెళ్లని ఇల్లూ తక్కువే. ఆ సంస్థను స్థాపించిన ఫాదర్ గురించి మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు మాటలు చెప్పాలని మా కోరిక.

విన్సెంట్ ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్‌లోని బార్సిలోనాలో జన్మించారు. 1952లో క్రైస్తవ మిషనరీగా భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల చేత బావులు తవ్వించారు. అది అక్కడి పెద్దలకు గిట్టలేదు. 1968లో దేశం విడిచి వెళ్లమన్నారు. ఆయన కోసం వేలాదిమంది రైతులు బొంబాయికి కాలినడకన కదిలారు. 1969లో తిరిగివచ్చి మన అనంతపురం చేరారు. 1970లో మతగురువు పదవి వదిలి అన్నే ఫెర్రర్ గారిని వివాహమాడారు. అయినా జనానికి ఆయన ఫాదరే.

స్పెయిన్‌లోని ఒక కుటుంబం ఇక్కడి ఒక బిడ్డ పేరున నెలనెలా కొంత సొమ్ము పంపుతుంది. ఆ సొమ్ము బిడ్డ చేతికివ్వరు, ఊరి బడికీ వైద్యానికీ ఇళ్లకూ ఖర్చుచేస్తారు. చేతికిస్తే కరువు ఏట అది అప్పులవాళ్లకే పోయేదని మా అభిప్రాయం. కరువొస్తే ముందు ఆగేది ఆడపిల్ల చదువే కదా! మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. మాకంటే తెలివైన మా అక్క, అమ్మానాన్నలు బెంగళూరు కూలికి పోయిన ఏడు, మమ్మల్ని చూసుకోవడానికి ఏడో తరగతిలోనే బడి మానేసింది.

ఫాదర్ 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూశారు. సమాధి బత్తలపల్లిలో ఉంది. అక్క కూతురు ఇప్పుడు ఐదో తరగతి. ఈ వ్యాసం మొదట ఆ పిల్ల చేతనే చదివించాం, అక్క పక్కన కూర్చుని విన్నది.